కొలోబెంగ్ ఇల్లూ, మా-రాబర్టూ

మొన్న మా సంఘంలో మిషనరీ ఆదివారం జరిగింది. వాక్యం చెప్పడానికి వచ్చిన పెద్దాయన, ఆఫ్రికాకు వెళ్ళిన స్కాట్లాండ్ మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ జీవితాన్ని ఎత్తుకుని, దేవుని పని కోసం ఆయన తన కుటుంబాన్ని సైతం త్యాగం చేశాడని అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఈ మాట మనసులో నలుగుతూనే ఉంది కనుక, కొంచెం పొడుగైనా సరే, చెప్పవలసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది కడప జిల్లా. మా తాతల కాలంలో మా ఊరి సంఘాన్ని నెలకొల్పింది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో క్రాన్, డిగ్రాంజ్ దొరలను విశాఖపట్నం పంపినదీ, జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టినదీ, దక్షిణాఫ్రికాలోని కురుమాన్‌కు మొదట రాబర్ట్ మోఫాట్‌నూ తరువాత లివింగ్‌స్టన్‌నూ పంపినదీ ఆ ఒక్క సొసైటీయే. అందుకే లివింగ్‌స్టన్ కథ మాకు సొంత కథలాగా సండే స్కూల్లో చెప్పేవారు. సింహం మీద పడటం, భుజం నమలడం, ఆయన బతికి బయటపడటం, ఇవన్నీ మాకు కంఠతా వచ్చు. 1844లో ఆ సింహాన్ని ఆయన మీద నుంచి మళ్ళించడానికి తుపాకీ ఎత్తి, తానే తొడ కొరికించుకున్న మెబల్వే అనే ఆఫ్రికా ఉపదేశకుడి పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ మరుసటి ఏడు లివింగ్‌స్టన్ పెళ్ళి చేసుకున్న మేరీ గురించి కూడా, ఆమె ఆయన భార్య అన్న ఒక్క ముక్క తప్ప, ఏమీ చెప్పలేదు.

మేరీ రాబర్ట్ మోఫాట్ పెద్ద కూతురు. 1821లో దక్షిణాఫ్రికాలోనే, గ్రిక్వాటౌన్‌లో పుట్టింది. కురుమాన్‌లో పెరిగింది కాబట్టి అక్కడివారి సెట్స్వానా భాష ఆమెకు చిన్ననాటి భాష. స్కాట్లాండ్ నుంచి వచ్చిన లివింగ్‌స్టన్ ఆ భాషను కష్టపడి నేర్చుకున్నాడు. ఆమె దానిలో ఆడుకుంది. ఆమె తల్లి, ఆమె పేరు కూడా మేరీయే, కురుమాన్ ఇంటి గదులను వారానికి ఒకసారైనా పేడతో అలికించేదట. మొదట మనసొప్పకపోయినా, దుమ్ము అణగడానికీ గోమార్లు చావడానికీ అంతకు మించినది లేదని తరువాత తానే స్వదేశానికి ఉత్తరం రాసింది. పేడ అలుకు వాసన తెలిసిన మన ఊళ్ళవారికి ఆ ఉత్తరం చదివితే ఆ ఇల్లు కళ్ళకు కడుతుంది. అటువంటి ఇంట్లో పెరిగి, కురుమాన్ ఊటనీటి కాలువ పక్కన తిరిగి, ఆ ఊరి బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన అమ్మాయి మేరీ. ఆఫ్రికా ఆమె వెళ్ళిన దేశం కాదు, ఆమె పుట్టిన దేశం. ఈ సంగతి గుర్తుంచుకుంటే తప్ప తరువాత జరిగినది అర్థం కాదు.

1847లో లివింగ్‌స్టన్ దంపతులు బక్వేనా అనే తెగ ప్రజలతో పాటు కొలోబెంగ్ అనే చిన్న నది ఒడ్డుకు చేరారు. ఇప్పటి బోట్స్వానా రాజధాని గాబరోన్‌కు పడమటి దిక్కున ఉంది ఆ చోటు. ఇల్లు ఆయన తన చేతులతో కట్టాడు. అది ఆయన కట్టిన మూడో ఇల్లు. అక్కడ దినచర్య ఎలా ఉండేదో ఆయనే వివరంగా రాసి పెట్టాడు కాబట్టి అది మనకు తెలుసు. పొద్దు పొడవగానే లేవడం, కుటుంబ ప్రార్థన, ఆరు ఏడు గంటల మధ్య ఫలహారం, ఆ వెంటనే బడి. ఆ బడికి పెద్దలూ పిల్లలూ అందరూ వచ్చేవారు. పదకొండు గంటలకు బడి ముగిస్తే, ఆమె వంటింటికీ, ఆయన కొలిమి పనికో వడ్రంగానికో తోట పనికో వెళ్ళేవారు. మధ్యాహ్న భోజనం తరువాత ఒక గంట విశ్రాంతి. ఆ తరువాత ఆమెకు మళ్ళీ బడి: పసిపిల్లల బడి. దానికి ఒక్కొక్కప్పుడు వందమంది వరకు చేరేవారు. కొన్ని రోజులు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. సాయంత్రం ఆయన ఊళ్ళోకి వెళ్ళి మాట్లాడే వేళకు, ఇంట్లో ఆమె కొడుకు రాబర్టూ, కూతురు ఆగ్నెసూ, తరువాత పుట్టిన థామసూ అన్నానికి ఎదురు చూస్తూ ఉండేవారు.

ఆ అన్నం ఎక్కడి నుంచి వచ్చేది? దుకాణం లేదు. కురుమాన్ ఎడ్లబండి మీద పక్షాలు పట్టే దూరం. గింజలు ఇంట్లోనే పిండి చేసుకోవాలి. చెదపుట్టకు పెద్ద రంధ్రం తొలిచి, లోపల మంట పెట్టి, నిప్పులు ఊడ్చేసి, రొట్టె ముద్ద ఉంచి, రాతిపలకతో మూసి కాల్చేవారు. వెన్న జాడీలో చిలికేవారు. కొవ్వుతో కొవ్వొత్తులు, మొక్కల బూడిదతో సబ్బు ఇంట్లోనే తయారయ్యేవి. భర్త బయట అన్ని వృత్తులూ తెలిసినవాడై, భార్య ఇంట్లో అన్ని పనులూ చేసేదై ఉంటేనే మధ్య ఆఫ్రికాలో మిషనరీ కుటుంబం నిలబడుతుందని లివింగ్‌స్టన్ స్వయంగా ఒప్పుకున్నాడు. కానీ సొసైటీ పెళ్ళయిన మిషనరీకి ఏడాదికి ఇచ్చిన వంద పౌన్లు ఆయన పేరు మీద వచ్చేవి. పొద్దున బడి, మధ్యాహ్నం బడి, కుట్టు తరగతి, చెదపుట్ట పొయ్యి, ఇన్ని పనులు చేసిన మనిషికి లెక్కల పుస్తకంలో ఒక వరుస కూడా లేదు.

కొలోబెంగ్‌కు వచ్చిన కొద్ది కాలానికే వానలు ముఖం చాటేశాయి. నది ఎండిపోయింది. చేపలు కుప్పలుగా చచ్చి, వాటిని తినడానికి చుట్టుపక్కల హైనాలన్నీ దిగినా తరగలేదట. కడప జిల్లాలో పుట్టిన నాకు ఈ భాగం చదువుతూ ఉంటే గొంతు తడారిపోయింది. బక్వేనా నాయకుడు సెచెలె ఒకప్పుడు తానే వాన కురిపించే వైద్యుడు. అతడు ఆ పని మానేసి దొర చెప్పే ప్రార్థన వింటున్నందుకే మేఘం రావడం లేదని ఊళ్ళో వారు నమ్మారు. అయినా ఆ జనం ఆ కుటుంబం మీద ఒక్క రాయి వేయలేదు. పొలాలు పండకపోతే ఆడవారు తమ నగలు అమ్మి పొరుగు తెగల దగ్గర గింజలు కొనుక్కొచ్చారు. మగవారు రెండు పొడుగాటి కంచెలను దగ్గరగా కలుపుతూ పోయి చివర గుంట తవ్వి, జంతువులను అందులోకి తోలి వేటాడారు. వానలు పడ్డ రోజుల్లో బయటపడే పెద్ద కప్పను వండితే లివింగ్‌స్టన్ పిల్లలు కోడిమాంసంలా ఇష్టంగా తిన్నారు. ఊరు తినే తిండే ఆ ఇల్లూ తిన్నది. ఎవరు ఎవరిని పోషించారన్న ప్రశ్న మన మిషనరీ కథల్లో ఎప్పుడూ ఒకే వైపు తిరిగి ఉంటుంది. కొలోబెంగ్‌లో అది రెండు వైపులా ఉండేది.

ఆ ఊరు మేరీకి ఒక పేరు కూడా ఇచ్చింది. పెద్దబిడ్డ పుట్టాక తల్లిని ఆ బిడ్డ పేరుతో పిలవడం వారి మర్యాద. అందుచేత ఆమె మా-రాబర్ట్, అంటే రాబర్ట్ తల్లి. మన పల్లెల్లోనూ ఫలానావాడి అమ్మ అనే పిలుస్తాము కాబట్టి ఆ పిలుపులోని దగ్గరితనం మనకు వేరే చెప్పనక్కరలేదు. మన జిల్లాల్లో దొరసానమ్మ అని పిలిచిన పిలుపులో భయభక్తులున్నాయి. మా-రాబర్ట్ అన్న పిలుపులో చుట్టరికం ఉంది.

సెచెలె గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. అక్షరాలు ఒక్క రోజులో నేర్చుకున్న మనిషి అతడు. బైబిల్లోని యెషయా గ్రంథమంటే అతడికి ప్రాణం. 1848లో బాప్తిస్మం పొందడానికి ఐదుగురు భార్యలలో నలుగురికి కొత్త బట్టలు పెట్టి పుట్టిళ్ళకు పంపించాడు. వారిలో కొందరు మేరీ, లివింగ్‌స్టన్‌ల బడిలో బాగా చదువుతున్న ఆడవారు. మరుసటి ఏడు వారిలో ఒకామె సెచెలె వల్ల గర్భవతి అయిందని తెలిసి లివింగ్‌స్టన్ అతడిని, సంఘం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకు దూరం చేశాడు. తరువాత సెచెలె తన జనానికి తానే ప్రార్థన నడిపి, తానే చదువు చెప్పాడు. ఆ నలుగురు ఆడవారి కళ్ళతో చూస్తే ఆ బాప్తిస్మం ఎలా కనిపించి ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకుంటాను. ఒక ఇంటిని కట్టడానికి మరో ఇంట్లో ఎవరు వెళ్ళగొట్టబడ్డారో అడగకుండా సంఘ చరిత్ర రాయడం న్యాయం కాదు.

ఇక ఆ త్యాగం సంగతికి వస్తాను. 1849లో లివింగ్‌స్టన్ కలహారి దాటి న్గామి సరస్సు చూశాడు. 1850లో మేరీనీ ముగ్గురు పిల్లలనూ వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. అప్పుడు ఆమె గర్భిణి. పిల్లలకు జ్వరాలు తగిలాయి. తిరిగొచ్చాక పుట్టిన ఎలిజబెత్ ఆరు వారాలకే చనిపోయింది. ఆ పసిదాని సమాధి కొలోబెంగ్ మట్టిలో ఉంది. మేరీకి ముఖంలో ఒక వైపు పక్షవాతం వచ్చింది. ఇంత జరిగాక 1851లో, ఆమె మళ్ళీ కడుపుతో ఉండగా, మూడోసారి బండి కట్టారు. ఆ ప్రయాణంలో దారి తప్పి నీళ్ళు అయిపోయి నాలుగైదు రోజులు పిల్లలు దాహంతో ఏడ్చారు. అప్పుడు కూడా వారి తల్లి తనను ఒక్క మాట అనలేదనీ, కళ్ళల్లో నీళ్ళు మాత్రం కనిపించాయనీ ఆయన రాసుకున్నాడు. మా ప్రసంగీకులు ఈ వాక్యాన్ని సహనానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం అది ఒక మనిషి మీద మోపిన నేరారోపణలాగానే వినిపిస్తుంది, ఆ నేరం తాను మోస్తున్నట్టు రాసినాయనకు కూడా తెలుసుననిపిస్తుంది. ఆ సెప్టెంబరులో జూగా నది ఒడ్డున మేరీ మరో కొడుకును కన్నది.

ఆ కాలమే అలాంటిది, అప్పటివారికి ఇవన్నీ మామూలే అని కొందరు అంటారు. కానీ అది నిజం కాదు. ఆ మూడో ప్రయాణం మాట తెలియగానే మేరీ తల్లి అల్లుడికి ఉత్తరం రాసింది. ఒక బిడ్డను పోగొట్టుకున్నది చాలదా, మిగిలినవారు చావు తప్పి బయటపడ్డారు, తల్లికి పక్షవాతం వచ్చింది, గర్భవతినైతే తీసుకువెళ్ళడని మేరీ నాతో చెప్పింది, అయినా మగవాళ్ళ గుంపుతో దేశం చూడటానికి కడుపుతో ఉన్న ఆడమనిషినీ పసిపిల్లలనూ తీసుకుపోతావా అని కడిగేసింది. ఆమె ఏమీ సుకుమారంగా పెరిగిన దొరసాని కాదు. పదిమంది బిడ్డల తల్లి. భర్తతో కలిసి కురుమాన్ పరిసరాల్లో దాదాపు యాభై ఏళ్ళు ఉండి, ఆ ప్రజల భాషలోకి బైబిలు అనువాదమవుతుండగా ఇల్లు నడిపిన మనిషి. మిషనరీ జీవితం అంటే ఏమిటో లివింగ్‌స్టన్ కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ఆ కాలానికే ఆ పని తప్పుగా తోచింది. తప్పు అని రాసిన చెయ్యి ఆ ఇంటిదే.

1852 ఏప్రిల్‌లో మేరీనీ నలుగురు పిల్లలనూ కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కించి స్వదేశానికి పంపాడు. స్వదేశం ఎవరిది? ఆమె పుట్టింది ఆఫ్రికాలో. ఆ పిల్లలు పుట్టిందీ అక్కడే. స్కాట్లాండ్‌లోని హామిల్టన్‌లో అత్తమామల ఇంట్లో ఇమడలేక, ఒక అద్దె గది నుంచి మరో అద్దె గదికి తిరుగుతూ, సొసైటీని డబ్బు అడుగుతూ, దాదాపు ఐదేళ్ళు గడిపింది. ఆమె ఓడ ఎక్కిన ఏడే, ఆగస్టులో, బోయర్లు, అంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి సంతతివారు, బక్వేనా ప్రజల మీద దాడి చేసి కొలోబెంగ్ ఇంటిని కూడా ధ్వంసం చేశారు. తిరిగి వెళ్ళడానికి ఇక ఇల్లు కూడా మిగలలేదు. ఆ సమయంలో లివింగ్‌స్టన్ ఖండాన్ని ఈ తీరం నుంచి ఆ తీరం దాకా దాటి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. 1858లో జాంబెజీ నది మీద తిప్పిన ఆవిరి పడవకు మా రాబర్ట్ అని పేరు పెట్టాడు. ఆ పేరు గల మనిషి మళ్ళీ ఆఫ్రికాలో ఆయన దగ్గరికి చేరి, 1862 ఏప్రిల్ 27న జాంబెజీ ఒడ్డునున్న షుపంగాలో జ్వరంతో చనిపోయింది. నలభై ఒక్క ఏళ్ళు. ఒక పెద్ద బావోబాబ్ చెట్టు కింద పాతిపెట్టారు.

ఆ పేరుకు మూలమైన రాబర్ట్ అమెరికా చేరి, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో మారుపేరుతో చేరాడు. తండ్రి పేరుకు ఇంకా అవమానం తేవడం ఇష్టం లేక పేరు మార్చుకున్నానని తండ్రికి రాశాడు. 1864 డిసెంబరులో నార్త్ కరోలినాలోని సాలిస్‌బరీ ఖైదీల శిబిరంలో చనిపోయాడు. పద్దెనిమిదేళ్ళ వాడు.

లివింగ్‌స్టన్ చేసిన మేలును నేను కాదనడం లేదు. తూర్పు ఆఫ్రికాలో బానిసల వ్యాపారం ఎంత ఘోరమైనదో ఆయన రాతల వల్లే బ్రిటన్ ప్రజలు కళ్ళు తెరిచి చూశారు. ఆయన చనిపోయిన 1873లోనే జాంజిబార్ బానిసల సంత మూతపడింది. తన చిన్నపిల్లలతో ఆడుకోకుండానే రోజులు గడిపేశాననీ, తిరిగి చూసేసరికి ఆడుకోవడానికి ఎవరూ మిగలలేదనీ ఆయనే వగచాడు. ఆ పశ్చాత్తాపం నిజమైనదని నమ్ముతాను. అందుకే చెబుతున్నాను, ఆయన తప్పని ఒప్పుకున్నదాన్ని మనం బలిపీఠం మీద పెట్టి పూజించవద్దు. త్యాగం అంటే తన దగ్గర ఉన్నదాన్ని ఇవ్వడం. మేరీ ఆరోగ్యం, ఎలిజబెత్ ప్రాణం, రాబర్ట్ బాల్యం ఆయనవి కావు. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్న చెడ్డవాడని పౌలు తిమోతికి రాసిన మాటను మిషనరీ ఆదివారం నాడు ఎందుకు చదవరో నాకు ఎవరైనా చెప్పాలి.

ఇది పాతకథ అయి ఉంటే ఇంత బాధపడను. మా ప్రాంతంలో పాస్టరమ్మలందరినీ చూస్తూనే పెరిగాను. సండే స్కూలు వారిది, స్త్రీల కూడిక వారిది, పండుగ వంట వారిది, రోగుల దగ్గర రాత్రి మేల్కొనేది వారు. జీతం అయ్యగారికి, సన్మానం అయ్యగారికి. ఊరు మార్చమని ఉత్తరం వచ్చినప్పుడు పిల్లల చదువు ఏమవుతుందని ఆ అమ్మను ఎవరూ అడగరు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సాక్ష్యం అంటారు, నోరు తెరిచి అడిగితే విశ్వాసం చాలదంటారు.

వచ్చే నెల రెండో ఆదివారం మా సండే స్కూల్లో కథ చెప్పే వంతు నాది. సింహం బొమ్మ ఉన్న పాత అట్ట ఇంకా బీరువాలో ఉంది. దాన్ని తీయడం లేదు. చెదపుట్టకు రంధ్రం తొలిచి రొట్టె కాల్చడం ఎలాగో చెప్పి, ఆ రొట్టె కాల్చిన ఆమెను ఊరివారు ఏమని పిలిచేవారో పిల్లలతో పలికిస్తాను.