కాంటా పరీక్షలో యంత్రం ఫెయిల్

మనిషిలా జవాబులు చెప్పే ఏఐ యంత్రాలకు తెలివి వచ్చిందా లేదా అన్నది తేల్చే బాధ్యత చివరికి నల్లగొండ గడియారం సెంటర్ మీద పడింది. బెంగళూరు వాళ్లకు యంత్రాలు తయారు చేయడంతోనే సరిపోతోంది, హైదరాబాద్ వాళ్లు ఇంకా ఎల్బీనగర్ ట్రాఫిక్ దాటలేదు. తీరిక, అనుభవం, ఎదుటివాడి మాట నమ్మకపోవడం అనే అర్హతలన్నీ ఒకేచోట ఉన్నది ఇక్కడే కాబట్టి, టీ కొట్టు దగ్గర రోజూ కూర్చునే పెద్దలు తమంతట తామే ఒక కమిటీ అయ్యారు. అందులో రిటైర్డ్ లెక్కల సారు ఒకరు, ఒక మిల్లు గుమస్తా, పంచాయితీలు చెప్పే పెద్దమనిషి, పాలమూరు నుంచి వియ్యంకుడి ఇంటికి వచ్చి తిరుగు బస్సు సంగతి మరిచిపోయిన ఒకాయన ఉన్నారు. ఇది వారి విచారణపై నివేదిక.

మొదట పాత పరీక్ష సంగతి. 1950లో ఇంగ్లండు గణితవేత్త అలన్ ట్యూరింగ్ ‘మైండ్’ అనే పత్రికలో ఒక ఆట ప్రతిపాదించాడు. అవతల ఉన్నది మనిషో యంత్రమో కనబడకుండా రాతలోనే ప్రశ్నలు అడగాలి. జవాబులు చూసి తేడా కనిపెట్టలేకపోతే యంత్రం గెలిచినట్టు. ఆయన ఇచ్చిన నమూనా ప్రశ్నల్లో ఒక కూడిక ఉంది. 34957కు 70764 కలపమంటే, అవతలివైపు నుంచి అర నిమిషం తర్వాత 105621 అని జవాబు వస్తుంది. ఇది వినగానే లెక్కల సారు జేబులోంచి పెన్ను తీశారు. 105721 రావాలి. వంద తగ్గింది.

అంతటి గణితవేత్తకు కూడిక రాదా అంటే, వస్తుంది. మనిషిలా నమ్మించాలంటే యంత్రం కావాలనే లెక్కలు తప్పాలని ఆ వ్యాసంలోనే ఇంకోచోట ఆయన చెప్పాడు. తప్పు చేయడమే మనిషి గుర్తు అన్నమాట. సారుకు ఇది నచ్చింది. ముప్పై ఏళ్లు దిద్దిన పేపర్ల నిండా మనుషులే ఉన్నారని ఆయనకు సంతోషం.

మిల్లు గుమస్తా ఒప్పుకోలేదు. “తప్పు చేసుడు ఎవరికైనా వస్తది సారూ. ఆ వంద ఎవరి దిక్కు పోయిందో చెప్పుండ్రి.”

వ్యాసమంతా వెతికినా ఆ వంద ఎవరికి చేరిందో లేదు. ఇంగ్లండులో తర్కం ఎంత అసంపూర్ణంగా ఉందో చూడండి. మిర్యాలగూడ చుట్టుపక్కల కాంటా దగ్గర వడ్లు దింపిన రైతుకు ఈ శాస్త్రం బాగా తెలుసు. తేమ 17 శాతం దాటొద్దన్నది నిబంధన. దాటలేదనుకోండి, తాలు ఉందంటారు. తాలు లేదనుకోండి, సంచి బరువంటారు. అన్నీ సరిగ్గా ఉంటే అసలు ఇంత సరిగ్గా ఎందుకున్నాయని అనుమానించి తరుగు తీస్తారు. ఇన్నేళ్లలో ఒక్క తప్పయినా రైతు వైపు దొర్లిందని ఎవరూ వినలేదు. దొర్లితే ఆ గుమస్తాకు మరుసటి రోజు ఉద్యోగం ఉండదు. యంత్రం కూడా తప్పులు చేస్తుంది, లేని జీవోకు నంబరిస్తుంది, తేదీ కూడా వేస్తుంది. కానీ అందులో తనకు పైసా మిగుల్చుకోదు. అబద్ధమాడాలంటే ముందు నిజమేదో తెలిసుండాలి. మన పాత పట్వారీకి ప్రతి నిజమూ గుంటలతో సహా తెలుసు కాబట్టే ఆయన అంత బాగా ఆడగలిగాడు. దిక్కూమొక్కూ లేని తప్పును తెలివిగా గుర్తించలేమని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది.

పాలమూరాయన మాత్రం కొంచెం మెత్తబడ్డాడు. “గంత చక్కగ మాట్లాడుతది. లోపల ఏదో ఒకటి లేకుంట ఎట్ల మాట్లాడుతది?” అన్నాడు. ఇది మన పాత తర్కమైన న్యాయశాస్త్రం చెప్పే అనుమానమే, అంటే కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడం. కొండ మీద పొగ కనబడితే నిప్పు ఉన్నట్టు. ప్రతిజ్ఞ (చెప్పదలచిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం), నిగమనం (తేల్చిన మాట) అని ఐదు మెట్లెక్కి నిరూపించాలి. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు దీన్ని ఎంత సులువుగా రాశాడంటే ఇప్పటికీ తర్కం మొదలుపెట్టేవారు ఆయన దగ్గరే మొదలుపెడతారు. అయితే అన్నంభట్టు నల్లగొండ వచ్చి ఊరి పక్కనే ఉన్న పానగల్లు చూసి ఉంటే ఇంకో మెట్టు కలిపేవాడేమో. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. నీడ ఉంది కాబట్టి ఎదురుగా స్తంభం ఉండాలి. వెళ్లి చూస్తే అక్కడ ఏ స్తంభమూ ఉండదు. పలు దిక్కుల నుంచి వచ్చే వెలుతురూ మండపంలోని స్తంభాలూ కలిసి ఆ ఒక్క నీడను కట్టాయి. కోట్లమంది రాసినదాన్ని నూరి ఒక్క గొంతుతో మాట్లాడే యంత్రం వెనక మనసు వెతికేవాళ్లు ముందు ఒకసారి పానగల్లు వెళ్లి రావాలి. 1966లోనే ఎలిజా అనే ప్రోగ్రాం ఎదుటివాళ్ల మాటలనే ప్రశ్నలుగా తిప్పి అడిగితే, జనం దానికి తమ బాధలన్నీ చెప్పుకున్నారు. మన ఇళ్లల్లో ఆ మాత్రం అడిగేవాళ్లు లేక కాబోలు.

ఇక అసలైన తర్కం. అందులో ఒక విచిత్రమైన నియమం ఉంది. ‘ఇలా అయితే అలా చేస్తా’ అన్నప్పుడు, ‘ఇలా’ జరగకపోతే మొత్తం వాక్యం నిజం కిందే లెక్క. నేను గెలిస్తే మీ ఊరికి నీళ్లు తెస్తానని చెప్పి ఓడిపోయినవాడు తర్కశాస్త్రం ప్రకారం నిజమే చెప్పాడు. అబద్ధికుడయ్యే భాగ్యం గెలిచినవాడికి మాత్రమే దక్కుతుంది. ఈ లెక్కన 1996 లోక్‌సభ ఎన్నికల్లో ప్రపంచంలోకెల్లా సత్యసంధమైన నియోజకవర్గం నల్లగొండే. 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. ఒకరు గెలిచారు, 479 మంది సత్యవంతులుగా మిగిలారు. డిపాజిట్ దక్కాలంటే పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రావాలి, అన్ని ఓట్లు ఐదుగురికి మించి రావడం అసాధ్యం కాబట్టి కనీసం 475 మందికి డిపాజిట్ పోయిందని పాత పేపర్లు తిరగేయకుండానే చెప్పొచ్చు. తర్కం వల్ల మన జిల్లాకు కలిగిన మేలు ఇదొక్కటే.

ఆ అభ్యర్థుల్లో చాలామంది గెలవడానికి నిలబడలేదు. నీళ్లలోని ఫ్లోరైడ్‌కు ఎముకలు వంగిపోయిన ఊళ్లు, మా వైపు చూడండని వేసిన నామినేషన్లవి. ఐదు మెట్లలో ఉదాహరణ అనే మెట్టు ఒకటుందని చెప్పాను కదా, నడుము వంగిన మనిషే దానికి నామినేషన్ పత్రం పట్టుకుని వచ్చాడు. దానికి రాజ్యం చేసిన అనుమానం ఎలా ఉందంటే, దేశమంతటా అభ్యర్థులు ఎక్కువయ్యారు కాబట్టి డిపాజిట్ పెంచాలి. అదే ఏడాది జనరల్ అభ్యర్థికి 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. హేతువులో ఉన్న నీళ్లు నిగమనానికి వచ్చేసరికి ఆవిరయ్యాయి. ఇంత పరిశుభ్రమైన తర్కం చేయగల యంత్రం ఇంకా రాలేదు.

తర్వాత యంత్రానికి గ్రామీణ సత్యం మీద పరీక్ష పెట్టారు. ఒక మనిషికి భూమి ఎంత? రేషన్ కార్డు వాళ్లడిగితే ఎకరం ఇరవై గుంటలు. బ్యాంకు మేనేజరు అడిగితే ఆరెకరాలు. పిల్లనిచ్చే వాళ్లడిగితే పది, బోరుతో సహా. పాశ్చాత్య తర్కం ప్రకారం ఇది వైరుధ్యం. ఒక్క వైరుధ్యాన్ని ఒప్పుకున్నా అందులోంచి ఏదైనా రుజువు చేసుకోవచ్చు, చంద్రమండలం మీద పట్టా కూడా. కానీ సాగర్‌కు పేరిచ్చిన బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు నాలుగు మూలలు చూపించాడు, వాటినే నాలుగు కోటులంటారు. ఉంది, లేదు, ఉందీ లేదూ, ఉందనీ కాదు లేదనీ కాదు. ఆయన దేని గురించి చెప్పాడో పండితులు తేల్చుకుంటారు గానీ, భూమి రికార్డులకు అది చక్కగా సరిపోతుంది. పాస్‌బుక్కు ఉండి భూమి లేనివాడు, భూమి ఉండి పాస్‌బుక్కు లేనివాడు, రెండూ ఉండి సర్వే నంబరు తప్పినవాడు, ఇప్పటికీ తహసీల్ ఆఫీసు ముందు నిలబడి మూడో కోటికీ నాలుగో కోటికీ తేడా ఏమిటని ఆలోచిస్తున్నారు.

ఇన్ని వైరుధ్యాలున్నా ఊళ్లు పేలిపోకపోవడానికి కారణం ఉంది. మూడు లెక్కలూ మూడు ఫైళ్లలో ఉంటాయి, ఎవరూ పక్కపక్కన పెట్టరు. యంత్రం పెడుతుంది. అది తెలివి తక్కువది అని ఇంతసేపూ వాదించిన పెద్దమనిషికి అసలు టెన్షన్ ఇదే అని అప్పుడు బయటపడింది. “పెండ్లి బయోడేటా, రేషన్ కార్డు ఒక్కతాన చూస్తదా? గట్లయితే ఊళ్ల ఒక్క సంబంధం కుదుర్తదా?” అన్నాడు. మానవాళి ఎదుర్కొంటున్న ముప్పు గురించి ఇంత సూటిగా చెప్పినవారిని నేను చూడలేదు.

ఆయన్ను ఓదార్చడానికి లెక్కల సారు మనవడు ఫోన్ తీశాడు. గట్టు తగాదా ఒకటి చెప్పి, అన్న తరఫున అడిగాడు. మీ వాదనలో బలముంది అంది యంత్రం. తమ్ముడి తరఫున అడిగాడు. మీ ఆవేదన న్యాయమైనది అంది. అడిగినవాడిని సంతోషపెట్టే గుణం ఈ యంత్రాలకు ఉందని తయారుచేసిన వాళ్లే ఒప్పుకుంటున్నారు. పెద్దమనిషి ముఖం ఇంకా మాడింది. నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్నదీ ఇదే, రెండు పక్షాల దగ్గరా ఖర్చులు తీసుకుని. యంత్రం ఉత్తగనే చెబుతోంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దమనిషి మాత్రం తేరుకుని, ఫోన్ వైపు వంగి, యంత్రాన్ని నేరుగా అడిగాడు. “అన్నీ సరే గని, నీకు ఎన్ని ఎకరాలున్నయి?”

తనకు భూమి లేదని యంత్రం మర్యాదగా చెప్పింది.

“భూమి లేనోని మాట పంచాయితీల ఎవడింటడు?” అన్నాడాయన, వెనక్కి వాలి.

దీనికి అరిస్టాటిల్ దగ్గరా నాగార్జునుడి దగ్గరా జవాబు లేదు. కమిటీ యంత్రం పేరును కౌలుదార్ల జాబితాలో రాసుకుని, రెండో రౌండ్ టీ ఎవరి ఖాతాలో వేయాలన్న చర్చకు వెళ్లింది.