మాజాంగ్ నేర్చుకోవడానికి చైనీస్ రానక్కర్లేదు

"మాజాంగ్ కన్ఫ్యూషియస్ కనిపెట్టిన 2500 ఏళ్ల నాటి ఆట. చైనీస్ లిపి రానివాళ్లకు ఒంటబట్టదు. కావాలంటే ఫోన్‌లో జతలు కలుపుతూ ప్రాక్టీస్ చేసుకోండి. ఎంత నేర్చినా చివరికి అంతా లక్కే, జూదమే." ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఆట మొదలుపెడదామనుకున్నవాళ్లు ఇది చదివి వెనక్కి తగ్గుతున్నారు. ఇందులో చివరి మాటకు మాత్రమే కాస్త ఆధారం ఉంది.

కన్ఫ్యూషియస్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. ఆయన పోయింది క్రీ.పూ. 479లో. మాజాంగ్ ఇప్పటి రూపానికి వచ్చింది 19వ శతాబ్దం రెండో సగంలో, అదీ చైనాలో అంతకుముందు ఆడుతున్న పేకాటల నుంచి. 1920ల్లో అమెరికాకు మాజాంగ్ పిచ్చి పట్టినప్పుడు ఈ కన్ఫ్యూషియస్ కథ బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఇక లిపి. 144 టైల్స్ (ఆడే బొమ్మల బిళ్లలు) అనగానే కంగారు పడతాం గానీ, ఒక్కో బొమ్మకు నాలుగేసి కాపీలుంటాయి. పువ్వులు, రుతువుల టైల్స్ ఎనిమిది మాత్రమే ఒక్కొక్కటి. చుక్కలు, వెదుళ్లు అనే రెండు రంగుల్లో (పేకలో ఇస్పేటు, కళావరులాంటివి) చదవాల్సిందేమీ లేదు, లెక్కపెట్టడమే. వెదుళ్లలో ఒకటి మీద మాత్రం వెదురుకు బదులు పిట్ట ఉంటుంది, కొత్తవాళ్లందరూ అక్కడ ఒకసారి తడబడతారు. మూడో రంగులో చైనీస్ అంకెలు: ఒకటికి ఒక అడ్డగీత, రెండుకు రెండు, మూడుకు మూడు. నాలుగు నుంచి తొమ్మిది దాకా ఆరు గుర్తులు, నాలుగు దిక్కులు, ఎర్ర డ్రాగన్, ఆకుపచ్చ డ్రాగన్. గుర్తుపట్టాల్సినవి మొత్తం పన్నెండు. తెల్ల డ్రాగన్ మీద ఉంటే ఒక చట్రం, లేకపోతే ఏమీ ఉండదు. పైగా ఎగుమతి సెట్లలో చాలావాటికి టైల్ మూలన మామూలు అంకె కూడా వేసి ఉంటుంది.

ఫోన్‌లో జతలు కలిపే ఆటకీ దీనికీ టైల్స్ బొమ్మలు తప్ప పోలిక లేదు. అది 1981లో అమెరికాలో బ్రోడీ లాకార్డ్ కంప్యూటర్ కోసం తయారుచేసిన ఒంటరి ఆట. అసలు మాజాంగ్ నలుగురు ఆడేది, రమ్మీకి దగ్గరి చుట్టం. చేతిలో పదమూడు; ఒకటి తీసుకో, ఒకటి పడెయ్. మూడేసి చొప్పున నాలుగు గుంపులు, ఒక జత కుదిరితే ఆట మనది. గుంపు అంటే ఒకే రంగులో వరుసగా మూడు, లేదా అచ్చంగా ఒకేలాంటివి మూడు. తేడా ఎక్కడంటే, ఒకేలాంటి మూడు కోసమైతే 'పంగ్' అని అరిచి ఎవరు పడేసిన టైలైనా లాక్కోవచ్చు. వరుస కోసమైతే, దాంతో గెలిచేస్తే తప్ప, మన ముందు ఆడినవాళ్లు పడేసిందే తీసుకోవాలి. మన ఊళ్లో రమ్మీ ఆడినవాళ్లకు ఇందులో సగం వచ్చేసినట్టే.

లక్ లేదనను. ఏ టైల్స్ వస్తాయో మన చేతిలో లేదు. ఏది పడేయాలో మన చేతిలోనే ఉంది. వెదుళ్లలో 4, 5 ఉంచుకుంటే 3 గానీ 6 గానీ చాలు, మహా అయితే ఎనిమిది టైల్స్ పనికొస్తాయి. 4, 6 పట్టుకుంటే 5 ఒక్కటే దిక్కు, నాలుగే టైల్స్. అందులో మూడు ఇప్పటికే బల్లమీద పడి ఉంటే ఆశ వదులుకోవాలి. పడేసినవన్నీ కళ్లెదుటే ఉంటాయి, చూసేవాడికి లెక్క దొరుకుతుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ గురించి అన్నదీ ఇలాంటిదే: పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట. ఆ తీర్పు మాజాంగ్ గురించి కాదు గానీ వాదన ఇక్కడా సరిపోతుంది. డబ్బు పెట్టి ఆడేవాళ్లు చాలామందే ఉన్నారు, నిజమే. పెట్టకుండా ఆడినా ఆట ఆటే.

విచిత్రం ఏంటంటే, నిజంగా టెన్షన్ పెట్టే విషయం ఆ మెసేజ్‌లో లేనేలేదు: పాయింట్ల లెక్క. హాంకాంగ్ పద్ధతిలో చాలాచోట్ల కనీసం మూడు 'ఫాన్' (చేతి విలువను కొలిచే పాయింట్లు) ఉంటేగానీ గెలిచానని చెప్పనివ్వరు. నాలుగు గుంపులూ వరుసలే అయితే వచ్చేది ఒక్క ఫాన్. చెయ్యి పూర్తయినా ఊరుకోవాల్సిందే. అదే నాలుగూ ఒకేలాంటి మూడేసి అయితే మూడు ఫాన్లు. జపాన్ పద్ధతిలో మనకు గెలుపు తెచ్చే టైల్‌ను మనమే ముందు పడేసి ఉంటే, వేరేవాళ్లు పడేసినదానితో గెలవలేం. అమెరికాలో చాలామంది, ఏయే చేతులు గెలుస్తాయో రాసి ఉండే, ఏటేటా మారే కార్డు చూసి ఆడతారు. ఒక పద్ధతి వీడియో చూసి ఇంకో పద్ధతి బల్ల దగ్గర కూర్చుంటే తల తిరుగుతుంది. అందుకే కూర్చోబోయేముందు ఏ పద్ధతి, కనీసం ఎన్ని ఫాన్లు అని అడగండి. కొత్తవాళ్లు ఉన్నారని చెబితే చాలామంది ఆ కనీసాన్ని తీసేసి ఆడతారు.