మన చేతుల్లో ఏముంది అబ్బాయ్!

మార్చలేని వాటి గురించి టెన్షన్ పడకూడదని పెద్దలు చెబుతారు. వాళ్లలో ఎవరూ మే నెలాఖరున, మిట్టమధ్యాహ్నం, బెంజి సర్కిల్లో బండి మీద కూర్చుని ఉండరని నా అనుమానం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయట. బెజవాడలో రోళ్లు పోయి మిక్సీలొచ్చి చాలాకాలమైంది కాబట్టి ఇప్పుడు పగిలేవి మా తలకాయలే.

మా పక్కింటి బాబాయి గారు రోజూ పదకొండింటికి వరండాలోకి వచ్చి సూర్యుణ్ణి తిడతారు. "వీడికి మనమే దొరికామా?" అంటారు. ప్రత్యక్ష దైవానికి ఏకవచనమే.

అదే బాబాయి గారు మా వీధి సైడు కాలువ దగ్గరికొచ్చేసరికి పరమహంస. దాని మీద పలక విరిగి ఏడాదిన్నర. మొదట ఎవరో ఆ కంతలో వేపకొమ్మ గుచ్చారు. దానికి ఇంకెవరో ఎర్రగుడ్డ కట్టారు. వానలకు కొమ్మ కుళ్లిపోతే పాత ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, మూడు కాళ్లది. ఇప్పుడు మా ఇంటికి అడ్రసు కూడా అదే: కుర్చీ దాటాక కుడివైపు. ఓసారి ధైర్యం చేసి, "అర్జీ పెడదామా బాబాయి గారూ?" అన్నాను. జాలిగా చూశారు. "మన చేతుల్లో ఏముంది అబ్బాయ్!"

ఆలోచిస్తే ఇందులో లోతైన వివేకమే ఉంది. ఎండను తిడితే ఎండ మనల్ని రేపు రమ్మనదు. ఆధార్ జిరాక్స్ అడగదు. సారు భోజనానికి వెళ్లారని చెప్పదు. కోపానికి ఇంత సుఖమైన చోటు ఇంకోటి లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో ఈ వేదాంతానికి పెద్ద పరీక్షే వచ్చింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వస్తే, 1957 నాటి ఆ కట్టడం 70 గేట్లూ ఎత్తి దారిచ్చింది. ఊళ్లో సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు వాగు. దాని మళ్లింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. వాన దేవుడిదే, కాదనను. కానీ ఆ గట్టు దేవుడు కట్టలేదు. బుడమేరు దారిలో ఇళ్లస్థలాలు కూడా దేవుడు అమ్మలేదు. బాబాయి గారు అప్పుడూ ఆకాశం వైపే వేలు చూపించారు.

మొన్న రాత్రి ఎవరో ఆ కుర్చీ ఎత్తుకుపోయారు. వీధంతా భగ్గుమంది. ఎంత ఘోరం, ఎంత అన్యాయం అంటూ బాబాయి గారు లుంగీ ఎగ్గట్టి ఇంటింటికీ తిరిగి, అరగంటలో చందాలు వసూలు చేశారు. సాయంత్రానికి కొత్త కుర్చీ వచ్చింది, ఈసారి నాలుగు కాళ్లది. మిగిలిన డబ్బుతో గొలుసూ తాళమూ కొని కరెంటు స్తంభానికి కట్టేశారు.