పేర్లు ముందు, వార్త వెనక

తెలుగు దినపత్రికను ఎలా చదవాలో జనానికి ఇప్పటికీ తెలియదని నా గట్టి నమ్మకం. పైనుంచి కిందికి చదువుతారు, అక్కడే వస్తోంది తేడా. హైదరాబాద్‌లో సగం వార్తలు పుట్టేదే చివరి వాక్యం కోసం: ‘ఈ కార్యక్రమంలో ఫలానా, ఫలానా తదితరులు పాల్గొన్నారు’.

మొక్కలు నాటడం, చలివేంద్రం తెరవడం, సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో పోస్టర్ ఆవిష్కరణ, ఇందిరాపార్కు దగ్గర ధర్నా, ఏదైనా సరే ప్రెస్‌నోట్ వాట్సాప్‌లో డెస్కుకు వచ్చి పడుతుంది. విషయం రెండు ముక్కలు, పేర్లు పేజీన్నర. ఫొటోలో మొక్క కనపడదు, దాని మీదికి వంగిన తలలే కనిపిస్తాయి. మొక్కను కట్ చేసినా పర్లేదు గానీ అంచున నిల్చున్న తనను మాత్రం కట్ చేయొద్దని ఒకాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. నిజమే, చెట్టు ఎప్పటికైనా పెరుగుతుంది, ఆయన టికెట్ సంగతి ఈ ఎన్నికల్లోనే తేలాలి.

పేజీ వదిలే టైముకు యాడ్ ఒకటి ఊడిపడుతుంది. వార్త కాస్తా సింగిల్ కాలమ్ అవుతుంది, సబ్ ఎడిటర్ కత్తెర నేరుగా పేర్ల మీద పడుతుంది, నలుగురు మిగిలి తక్కినవాళ్లంతా తదితరుల్లో కలిసిపోతారు. తెల్లారేసరికి విలేకరికి ఫోన్: ‘అన్నా, దండలు తెచ్చింది నేను, కుర్చీలు ఏయించింది నేను, నా పేరే లేదేందే?’ పాపం ఆ విలేకరిది లైన్ అకౌంట్ బతుకు, అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే డబ్బులు, పైగా దసరాకు యాడ్ అడగాల్సింది కూడా ఈ అన్ననే. అందుకని ఆ వారంలోనే అన్న పుట్టినరోజు వేడుకలు ఘనంగా జరుగుతాయి, ఈసారి పేరు హెడ్డింగులోనే. (ఘనంగా జరగని పుట్టినరోజు మా పేపర్లో నేనైతే చూడలేదు.)

పేర్లు అచ్చేయడం చిన్నపనేం కాదు. తెలంగాణలో కవులే లేరన్నారని సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని అచ్చులో నిలబెట్టారు. ఆ సంప్రదాయానికి వారసులం మేమే. కాకపోతే ఆయన పేరుతో పాటు పద్యం కూడా అడిగారు, మేం ఎవర్నీ అంత ఇబ్బంది పెట్టం.

కాబట్టి పత్రికల యాజమాన్యాలకు నా ప్రతిపాదన: సిటీ పేజీల్లో వార్తలు ఎత్తేసి, డివిజన్లవారీగా పేర్లు మాత్రమే వేయండి. వానాకాలంలో ‘లోతట్టు ప్రాంతాలు జలమయం’ ఎలాగూ తప్పదు, అది సిస్టంలో రెడీగానే ఉంటుంది, తేదీ మారిస్తే చాలు. 1908లో మూసీ ఊరిని ముంచేస్తే ఆ తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఇప్పుడు అంత దాకా ఎందుకు, పరిశీలనకు వచ్చినవాళ్ల జాబితా చాలు. మొన్నటి వానకు మోకాల్లోతు నీళ్లలో నిలబడిన ఫొటోతో ఒక ప్రెస్‌నోట్ వచ్చింది. పేర్లన్నీ హోదాలతో సహా ఉన్నాయి, మునిగింది ఏ కాలనీయో మాత్రం లేదు. ఫోన్ చేసి అడిగితే, ‘కాలనీ ఏదైతేంది అన్నా, పేర్లు కరెక్టుగున్నయా చూడు!’