అండమాన్ ప్యాకేజీలో ముందుగా కొట్టివేయాల్సిన రోజు

సంక్రాంతి సెలవులకో, ఎల్‌టీసీ గడువు ముగిసిపోయేలోపో అండమాన్ వెళ్లివద్దామనుకునే తెలుగు కుటుంబాల చేతికి ఏటా దాదాపు ఒకే కాగితం వస్తుంది. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. పోర్ట్ బ్లెయిర్, రాస్, నార్త్ బే, హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్. ఉదయం టిఫిను, రాత్రి భోజనం, విమానాశ్రయం నుంచి కారు. అభిప్రాయం చెప్పమని బంధువులూ సహోద్యోగులూ నాకు పంపే ఇలాంటి కాగితాల్లో ట్రావెల్ ఏజెన్సీ పేరు మారుతుందే తప్ప వరుస మారదు. నా అభ్యంతరం ధర గురించి కాదు. ఈ ప్రణాళిక వేసినవారు అండమాన్‌ను ఊటీలాగా, ఒక కారు మాట్లాడుకుని పొద్దుటి నుంచి రాత్రి దాకా చుట్టిరాగలిగే ఊరుగా లెక్కవేస్తున్నారు. అక్కడ మన రోజును నిర్ణయించేవి సూర్యుడు, సముద్రం, పడవల వేళలు. వాటిని పట్టించుకోని కాగితం చూడడానికి నిండుగా ఉంటుంది గానీ, ఆచరణకు వచ్చేసరికి సెలవులో పెద్ద భాగం జెట్టీల దగ్గర సామాను కాపలాకే సరిపోతుంది.

పేర్ల విషయం ముందే చెప్పేస్తాను. 2018 డిసెంబరులో రాస్‌ను నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా, హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీపంగా, నీల్‌ను షహీద్ ద్వీపంగా మార్చారు; 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద ఏ పేరైనా కనబడవచ్చు కనుక రెండూ తెలిసి ఉండాలి. జనం నోట్లో ఇంకా పాతవే ఎక్కువగా వినబడతాయి, నేనూ అవే రాస్తున్నాను.

ఈ దీవులు మన తూర్పు తీరానికి సుమారు 1,200 కిలోమీటర్ల అవతల ఉన్నాయి, గడియారం మాత్రం మనదే. అందువల్ల డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే అక్కడ సూర్యాస్తమయం అయిపోతుంది. హైదరాబాద్ అలవాటుతో వేసుకున్న ప్రణాళికలన్నీ దెబ్బతినేది ఇక్కడే. మధ్యాహ్నం హేవ్‌లాక్‌లో దిగి, గదికి చేరి, భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, ఆ తర్వాత రాధానగర్ బీచ్‌కు బయలుదేరే కుటుంబానికి మిగిలేది చీకటే. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైనదిగా పేర్కొన్న ఆ తీరం పడమటి ముఖంగా ఉంటుంది. దాని గొప్పతనమంతా చివరి రెండు గంటల వెలుగులోనే ఉంది. ఆ రెండు గంటలూ దక్కాలంటే మధ్యాహ్నం 3 గంటలకల్లా అక్కడ ఉండాలి. కాగితం మీద ‘సాయంత్రం రాధానగర్’ అని రాసి ఉంటే ఏ సాయంత్రమో, ఎన్ని గంటలకో అడగండి. జవాబు చెప్పలేని ఏజెంటు అండమాన్ చూసి ఉండడు.

పడవల సంగతి దీనికంటే ముఖ్యం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు, నీల్‌కు ప్రభుత్వ ఫెర్రీలూ ఉన్నాయి, ప్రైవేటు సంస్థల వేగవంతమైన ఏసీ పడవలూ ఉన్నాయి. ప్రభుత్వ ఫెర్రీ చవక, స్థానికులు దానిమీదే ఆధారపడతారు. ప్రైవేటు పడవ ఖరీదు, కానీ టికెట్టు దొరకడం సులభం. ఏదైనా సరే, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఆగిపోతుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. అందుకే తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే గడపాలి. ఉదయం నీల్‌లో పడవ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకునేలా వేసిన ప్రణాళికలు నా కళ్లబడ్డాయి. ఒక రాత్రి గది అద్దె ఆదా చేయడానికి కుటుంబం మొత్తం టికెట్లను పణంగా పెట్టడమంటే ఇదే. ఆ చివరి రాత్రికి మరో కారణం కూడా ఉంది. స్కూబా డైవింగ్ చేసినవారు కనీసం 18 గంటల పాటు విమానం ఎక్కకూడదని డైవింగ్ శిక్షకులు చెబుతారు, ఎందుకంటే నీటి అడుగున ఒత్తిడిలో శరీరంలో కరిగిన నత్రజని పూర్తిగా బయటకు పోకముందే ఆకాశంలోకి వెళ్తే అది రక్తంలో బుడగలుగా మారే ప్రమాదం ఉంది. చివరి రోజున డైవింగ్ పెట్టే ప్యాకేజీని చూస్తే నాకు కోపం రావడంలో వింతేముంది?

ఆటుపోట్ల గురించి మాత్రం ఏ కాగితమూ ఒక్క ముక్క చెప్పదు. నీల్ దీవిలో లక్ష్మణ్‌పూర్ వైపు ఉన్న సహజ శిలాతోరణం దగ్గరకు ఆటు సమయంలోనే నడిచి వెళ్లగలం. పోటు వేళ వెళ్తే దూరం నుంచి నీళ్లు చూసి వెనక్కి రావాల్సిందే. అదే దీవిలో భరత్‌పూర్ బీచ్ దగ్గర దీనికి పూర్తిగా విరుద్ధం, నీరు బాగా తీసేస్తే పడవలూ నడవవు, ఈతా కుదరదు. (ఆ దీవిలో బీచ్‌ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్; దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల గ్రామాలవి.) పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఈ తేడా మరింత పెరుగుతుంది. వెళ్లే తేదీలకు ఆటుపోట్ల పట్టిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రయాణానికి ముహూర్తం చూసుకునే మనం ఆ పట్టిక ఎందుకు చూడమో నాకు అర్థం కాదు.

ఎప్పుడు వెళ్లాలన్నది మన సెలవుల క్యాలెండర్‌తో చిక్కు. దసరా సెలవుల నాటికి ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు మొదలయ్యే కాలం వచ్చేస్తుంది. వేసవి సెలవుల్లో వెళ్దామంటే, కేరళ కంటే ముందు నైరుతి రుతుపవనాలు తాకేది అండమాన్‌నే, సాధారణంగా మే మూడో వారంలో. పైగా వేసవి చివరికి పోర్ట్ బ్లెయిర్‌లో తాగునీటికి కటకట. ఆ ఊరికి ప్రధాన ఆధారం ధనిఖారి జలాశయం, వానలు ఆలస్యమైతే అది అడుగంటుతుంది. జూన్, జూలై నెలల్లో సగం ధరకే హోటల్ గదులిస్తామంటే సంబరపడకండి, ఆ సగం ధర వాన ఖరీదు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీటి అడుగున చూపు ఆనుతుంది. బడికి వెళ్లే పిల్లలున్నవారికి సంక్రాంతి సెలవులే దిక్కు, కాబట్టి టికెట్లు ముందే కొనుక్కోవాలి.

ఇక బారాటాంగ్. నేను కొట్టివేయమనేది ఈ రోజునే.

ప్యాకేజీల్లో దీని గురించి రాసేది సున్నపురాతి గుహలు, మడ అడవుల్లో పడవ ప్రయాణం, బురద అగ్నిపర్వతం అని. తెల్లవారుజామున 3 గంటలకు హోటల్ నుంచి బయలుదేరి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాల బారులో నిలబడి, పోలీసుల రక్షణలో గుంపుగా అడవిలోంచి వెళ్లాలి. మధ్యలో ఆగకూడదు, ముందు వాహనాన్ని దాటకూడదు, ఫొటో తీయకూడదు. ఇన్ని నిబంధనలు ఎందుకో కాగితంలో ఉండదు గానీ, ఫోనులో మాట్లాడేటప్పుడు ఏజెంటు గొంతు తగ్గించి ‘అదృష్టముంటే ఆదివాసీలు కూడా కనబడతారు సార్’ అంటాడు. ఆ రోడ్డు వెళ్లేది జారవా అనే ఆదిమ తెగవారి అడవి గుండా. వారు మొత్తం కొన్ని వందల మంది మాత్రమే. 1990ల చివరి దాకా బయటివారిని దగ్గరకు రానివ్వని ఆ జనం బయటకు రావడం మొదలుపెట్టిన కొద్దికాలానికే, 1999లో, వారిలో తట్టు వ్యాపించింది. మన పిల్లలు వారం రోజుల్లో కోలుకునే జబ్బులు, వాటిని ఎన్నడూ ఎరగని శరీరాలకు ప్రాణాంతకం కావచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో వేలల్లో ఉన్న మరో ఆదిమ తెగ, గ్రేట్ అండమానీలు, ఇప్పుడు పదుల్లోకి వచ్చిన దారి అదే.

ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచే ప్రత్యేక నిబంధన ఉంది. జారవా అభయారణ్యం గుండా పోయే ఆ రోడ్డు భాగాన్ని మూసివేయమని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. 2012లో, పర్యాటకుల ముందు జారవా స్త్రీల చేత నృత్యం చేయించిన వీడియో బయటపడి దేశమంతా సిగ్గుపడింది. ఇంత జరిగినా రోజూ వాహనాల బారు కదులుతూనే ఉంది. ఉత్తరాన మాయాబందర్, డిగ్లీపూర్‌లలో ఉండేవారికి ఆసుపత్రికో, ఉద్యోగానికో ఆ రోడ్డు అవసరం ఉందన్న వాదన నాకు అర్థమవుతుంది. అది వారి జీవితం, దానిపై తీర్పు చెప్పడానికి నేనెవరిని? కానీ గుహ చూడడానికి వెళ్లే నాకు, మీకు ఆ అవసరం లేదు. గుహలు కావాలంటే మన బొర్రా ఉంది, నంద్యాల జిల్లాలో మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం ఉంది. బారాటాంగ్ గుహ వాటి ముందు చాలా చిన్నది. మడ అడవులు కావాలంటే కాకినాడ పక్కనే కోరింగ ఉంది. బారాటాంగ్ పాయలో పడవ ప్రయాణం అందంగా ఉండదని అనడం లేదు, ఉంటుంది. ఆ అందం కోసం మనుషులు బతికే అడవిని జంతు ప్రదర్శనశాలకు దారిగా వాడుకోవడం తప్పంటున్నాను. ‘మేం అటు చూడం, ఫొటో తీయం’ అనే జవాబు నాకు తరచూ వస్తుంది. చూడకపోయినా వాహనం వాహనమే. బారులో మీ కారు కూడా ఒకటి.

ఆ రోజు మిగిలితే ఏం చేయాలి? సగం పోర్ట్ బ్లెయిర్‌కు ఇవ్వండి. సెల్యులార్ జైలును సాయంత్రం వెలుగు-శబ్ద ప్రదర్శనతో సరిపెట్టే అలవాటు మానాలి. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. పగటి పూట ఒక్కో గదీ చూస్తూ నడిస్తే, ఒక గదిలోని ఖైదీకి ఎదుటి గది ఖైదీ ముఖం కనబడకుండా ఎలా కట్టారో కళ్లకు కడుతుంది. బ్రిటిష్ పాలనలో కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారిని పంపింది అండమాన్‌కే. ఆయన పేరు మన పిల్లలకు తెలియదు. తెలియజేయడానికి అంతకంటే తగిన చోటు ఇంకేముంది?

అక్కడ తెలుగు వినడానికి వెతుక్కోనక్కరలేదు కూడా. 2011 జనగణన ప్రకారం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపలవేటకు వెళ్లి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన కుటుంబాలున్నాయి. ఆటోలో ఎక్కగానే హిందీలో బేరం మొదలుపెట్టి, అవతలి మనిషి ‘ఏ ఊరండీ మీది?’ అని అడిగాక నాలుక కరుచుకునేవారు చాలామంది. చేపలు ఎక్కడ తాజాగా దొరుకుతాయో, రేపు సముద్రం ఎలా ఉంటుందో కాగితం వేసిన ఏజెంటు కంటే వారికి బాగా తెలుసు.

మిగిలిన సగం రోజును, వీలైతే ఇంకొక రాత్రిని, హేవ్‌లాక్‌కు కలపండి. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ ఒక రోజు గాలికి ఆగిపోతే మర్నాడు చేయవచ్చు. ఖాళీ లేని ప్రణాళికలో ఆ మర్నాడు ఉండదు. పగడాలు ఫొటోల్లో చూపినంత రంగురంగులుగా ఉండకపోవచ్చు, 2010లో సముద్రం వేడెక్కి అక్కడి దిబ్బలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి, ఇంకా పూర్తిగా తేరుకోని చోట్లున్నాయి. వాటిమీద నిలబడకండి. చచ్చిన పగడపు ముక్కను సైతం సంచిలో వేసుకోకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగకండి, 2010లో రాధానగర్ సమీపంలో ఈతకు దిగిన ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు.

ఇంత చెప్పాక ‘అంత దూరం వెళ్లి బారాటాంగ్ చూడకుండా వచ్చారా?’ అని అడిగేవారు ఇంట్లోనే ఉంటారు. వారికి ఏం చెప్పాలో మీ ఇష్టం. ఏజెంటుకు మాత్రం టికెట్లు కొనకముందే ఫోన్ చేసి ఆ రోజు తీసేయమనండి. తీసేసినా ప్యాకేజీ ధర తగ్గదని అంటాడు. తగ్గకపోయినా తీసేయమనండి.