2 శాతానికి దండాలా?

ఇప్పుడే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక పాత వీడియో పడింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీ ఒకటి ఎక్కడో సర్కారు బడి పిల్లలకి బ్యాగులు పంచుతోంది. కింద మా బావగారు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం నిషేధించినందుకు, "ఇంత సేవ చేసేవాళ్ళ పొట్ట కొట్టారు పాపం" అని రాసి రెండు దండాలు పెట్టారు. ఒళ్ళు మండిపోయింది. అక్కడ పెద్దవాళ్ళున్నారని ఊరుకున్నాను, ఇక్కడ ఊరుకోను.

అది సేవ కాదు బావగారూ, చట్టం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చిన ఏ కంపెనీ అయినా గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. సబ్బుల కంపెనీకీ అదే రూలు. కాకపోతే సబ్బులవాడు డబ్బు తీసుకుని సబ్బు ఇస్తాడు. వీళ్ళు ప్రతి ఆటలోనూ కమీషన్ కోసుకునేవారు, ఎవడు గెలిచినా వాళ్ళకి పోయేదేమీ ఉండేది కాదు, మనవాడు ఎంతసేపు కూర్చుంటే వాళ్ళకంత లాభం.

సోంపేట వైపు మాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రిది గుజరాత్ వీరావల్‌లో పడవ మీద పని. నెలల తరబడి సముద్రంలో ఉండి, కూతురి పెళ్ళికని పంపిన డబ్బుని కొడుకు రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఫోన్లో పోగొట్టాడు. పోయింది రాబట్టాలని లోన్ యాప్‌లో అప్పు చేశాడు. ఆ యాప్‌వాళ్ళు ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టారు, అందులో పెళ్ళివారి నంబరు కూడా ఉంది. సంబంధం తప్పిపోయింది. మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు కదా అంటారేమో, లొకేషన్ మార్చే యాప్ వేసుకోవడం మన కుర్రాళ్ళకి తెలియని విద్యా? ఆ ఇంటికి ఏ కంపెనీవాడూ బ్యాగు పట్టుకుని రాలేదు.

"వ్యసనంగా మారవచ్చు, బాధ్యతగా ఆడండి" అని ప్రకటన చివర గుక్క తిప్పుకోకుండా చదివేవారు. ఆ బాధ్యత కూడా మన నెత్తినే. వాళ్ళకి నిజంగా ఉంటే అర్ధరాత్రి వరసగా ఓడిపోతున్నవాణ్ణి ఆపాల్సింది. బోనస్ ఇస్తాం రమ్మని మళ్ళీ మెసేజ్ పెట్టడం ఏం బాధ్యత?

2025 ఆగస్టులో కేంద్రం కొత్త చట్టం తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే 3 ఏళ్ళ వరకు జైలు, ప్రకటన చేస్తే 2 ఏళ్ళ వరకు. ఆడినవాళ్ళకి శిక్ష లేదు, అది సరైన పనే. మరి అంతకుముందు ఏళ్ళ తరబడి టీవీలో కూర్చుని ఆడమన్న హీరోలూ, క్రికెటర్లూ?

మా ఊళ్ళో చింతచెట్టు కింద వందా రెండొందలు పెట్టి పేకాడిన ముసలివాళ్ళని పట్టుకుని, నేల మీద కూర్చోబెట్టి, ముక్కలూ డబ్బూ ముందు పరిచి ఫొటో తీశారు. మర్నాడు జిల్లా పేజీలో వేశారు. మా పెదనాన్న సిగ్గుతో చాన్నాళ్ళు రచ్చబండకి వెళ్ళలేదు. అదే ముక్కలు చేత్తో పట్టుకుని నవ్విన హీరోకి మాత్రం పాలాభిషేకాలు. ఆయన్ని ఎవరూ నేల మీద కూర్చోబెట్టలేదు. ఆ ప్రకటనకి తీసుకున్న డబ్బు ఇలాంటి ఇళ్ళకి తిరిగి ఇవ్వమని ఒక్క అభిమాన సంఘమూ అడగలేదు. మన జిల్లాలో ఇన్ని సంఘాలున్నాయి కదా, అడగండి.