అరిమత్సు షిబోరి: బట్ట సరే, కట్టే చేతుల మాటేమిటి?

జపాన్‌లోని నగోయా నగరం అంచున అరిమత్సు అనే పాత వీధి ఉంది. బట్టకు ముడులు వేసి రంగు అద్దే జపాన్ కళను షిబోరి అంటారు. అక్కడి షిబోరి మ్యూజియంకు వెళ్లేవారు కింది దుకాణం దగ్గరే ఆగిపోకుండా మెట్లెక్కి పైకి వెళ్లాలి. అసలు చూడాల్సింది అక్కడుంది. వయసు మళ్లిన మహిళలు కూర్చుని బట్టకు ముడులు వేస్తుంటారు. చిన్న కొక్కేనికి బట్టను తగిలించి, సన్నని మడతలుగా వేళ్లతో పోగుచేసి, దారాన్ని బిగించి చుట్టుకుంటూ పోతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, దారం లాగేస్తే బట్ట మీద సాలెగూడు విచ్చుకుంటుంది. దానికి కుమో షిబోరి అని పేరు. కుమో అంటే సాలీడు.

ఈ ఊరికి అద్దకం బతుకుతెరువుగా వచ్చింది. 1608లో ఒవారి సంస్థానం, ఎడో (నేటి టోక్యో), క్యోటోలను కలిపే తొకైదో రహదారి పక్కన కొన్ని కుటుంబాలను ఇక్కడ నిలిపింది. సాగు నేల చాలలేదు. నగోయా కోట కట్టడానికి బుంగో ప్రాంతం నుంచి వచ్చినవారి దగ్గర ముడుల అద్దకాన్ని చూసిన తకెదా షోకురో, చేతి తువ్వాళ్లకు రంగులద్ది బాటసారులకు అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. చెక్క అచ్చు చిత్రాలకు పేరుపొందిన హిరోషిగె తన తొకైదో చిత్రాల్లో, అరిమత్సు పక్కనే ఉన్న నరుమి మజిలీకి ఈ బట్టల దుకాణాలనే గీశాడు.

పోచంపల్లి, పుట్టపాక నేత తెలిసిన తెలుగువారికి ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. మన చిటికి పనిలో నేతకు ముందే నూలుకు ముడులు పడతాయి. జపాన్‌లో దానికి సరిజోడు కసురి. షిబోరిలో నేసిన బట్టకే ముడి వేస్తారు. అందుకే దారం విప్పాక కూడా ముడుతలు బట్టలో ఉబ్బెత్తుగా నిలిచిపోతాయి. యంత్రాల మీద అచ్చు వేసిన చవక నమూనాలు ఆ రంగును తేగలవు గానీ ఈ ఉబ్బును తేలేవు. తడిమితే తెలిసిపోతుంది.

నన్ను కలవరపెట్టేది మరొకటి. అరిమత్సులో ఒక మనిషికి ఒకే పద్ధతి అనేది ఆనవాయితీ. ఒక్క పనిలోనే జీవితమంతా గడపడం వల్లే ఇంత నాణ్యత వచ్చింది. ఒకప్పుడు సుమారు వంద పద్ధతులు వాడుకలో ఉండేవంటారు. అయితే ఆ కట్టుబాటు వల్లే ఒక పెద్దావిడ కన్ను మూస్తే ఆమెతో పాటు ఒక పద్ధతి కూడా పోయే ప్రమాదం ఉంది. కూలి గిట్టక చాలా పని కొరియాకు, ఆపై చైనాకు తరలిపోయింది. 1975లో జాతీయ సంప్రదాయ హస్తకళగా గుర్తింపు వచ్చింది, 1984లో మ్యూజియం తెరిచారు. ఆ రెండూ మంచి పనులే. కానీ దారాన్ని ఎంత బిగించాలో అద్దాల వెనుక ఉన్న కిమోనో చెప్పజాలదు. అది వేళ్లకు మాత్రమే తెలిసిన లెక్క, పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిందే.

ఇంటి పట్టున చేసే ఈ పనికి చేసినంతకే కూలి. ఆ కూలి మీద ఆధారపడి యువత అన్నేళ్లు నేర్చుకుంటుందని ఆశించడం న్యాయం కాదు. పై అంతస్తులో పనిచేసే ప్రతి పెద్దావిడ పక్కనా ఒక శిష్యురాలిని కూర్చోబెట్టి, నేర్చుకున్నంత కాలం నెల జీతం ఇవ్వాలి. కొత్త కిమోనోలు కొని అద్దాల వెనుక పెట్టడానికి ఖర్చు చేసే ముందు డబ్బు దీనికి వెళ్లాలి.